మ్రొక్కు వేఱు, మర్యాద వేఱు
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను వర్తకుడను, పండితుడను గాను. ఐనను చీనా దేశపు పాత వివాద మొకదానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

పూర్వము చీనా రాజ్యమునకు తనదైన ఆచారకాండ యుండెడిది. బీజింగులో 1420లో నిర్మించిన స్వర్గాలయమున, సూర్యుడు ఉత్తరమునకు మరలు దినమున, చక్రవర్తి ఆకాశమునకు బలి నర్పించెడివాడు. జిల్లా పట్టణములందలి కన్ఫ్యూషియసు మందిరములలో అధికారులు వసంతమునను శరత్తునను నైవేద్యము లిడెడివారు. కొలువు గోరు విద్యావంతుడు ఆ గురువునకు తల వంచవలసినదే. అతడు బౌద్ధుడా, తావో మతస్థుడా యని అడుగువారు లేరు. క్రియ సక్రమముగా జరిగెనా యన్నదే ప్రశ్న.

మరి యిది మతమా, మర్యాదయా?

1582లో మకావు చేరిన ఇటలీ దేశపు క్రైస్తవ గురువు మాటియో రీచీ, కన్ఫ్యూషియసునకును గతించిన పెద్దలకును చేయు వందనము పౌరమర్యాదయే యని తలచెను. తరువాత వచ్చిన ఇతర సంఘముల ప్రచారకులు విగ్రహారాధన యనిరి. 1700లో కాంగ్‌షీ చక్రవర్తియే, అది గురుగౌరవము, పితృభక్తియే గాని వరములు గోరు పూజ కాదని తెలిపెను. రోము అంగీకరింపలేదు. 1715లో పోపు 11వ క్లెమెంటు ఆ వందనములను గట్టిగా నిషేధించెను. 1721లో చక్రవర్తి మతప్రచారమునే నిషేధించెను. 1742లో పోపు 14వ బెనెడిక్టు పూర్వపు ఆజ్ఞను స్థిరపరచెను.

నలిగినవాడు చీనా క్రైస్తవుడు. తల వంచినచో దేవాలయమునకు దూరము. వంచకున్నచో కొలువునకును బంధువర్గమునకును దూరము. 1939లో రోము ఆ వందనములు పౌరగౌరవములని అనుమతించెను. కాని 1905లోనే ఆ కొలువు పరీక్షలు పోయినవి, 1912లోనే సింహాసనము పోయినది.

ఈ కథలో మఱియొక పాఠము గలదు. 1914లో అధ్యక్షుడు యువాన్ షికాయ్ స్వర్గాలయమున పాత క్రియను మరల జరిపెను. మరుసటి యేడు తానే చక్రవర్తి ననెను. 1916లో ఆ పదవిని విడువవలసివచ్చెను. ఉమ్మడి గౌరవము ఒకని సొంత కిరీటమునకు మెట్టు కాజాలదు.

పద్దు వ్రాసిన గుమాస్తాను అడుగక చిట్టా తప్పనుట న్యాయము కాదు. అట్లే, తల వంచినవానిని అడుగక, వాని వందనమునకు దూరము నుండి అర్థము నిర్ణయింపరాదు. రాజ్యము మర్యాదను కోరవచ్చును, మనస్సును కోరరాదు.

ఇంట నొక భాష, వీధిలో నొక భాష గల మనకు ఈ సంగతి పరాయిది కాదు. నివసించు ఊరి ఉత్సవమున నలుగురితో నిలుచుట, ఇంటి ఆచారమును విడుచుట కాదు. ఈ భేదమును మన పిల్లలకు తెలుపుట మన విధి.