జిప్ అనే చిన్నమాట



మా మనవరాలికి ఏడేళ్లు. ఒట్టి వాగుడుకాయ. ఈమధ్య ఒక సాయంత్రం బడినుంచి వచ్చి, ఓ మూల ముడుచుకుని కూర్చుంది. పాలు తాగుతావా అంటే తల ఊపిందేగాని నోరు విప్పలేదు. జ్వరమేమోనని నుదురు పట్టుకు చూశాను. చివరికి పడుకోబోయేముందు నా చెవిలో చెప్పింది: "మా టీచర్ నోటికి జిప్ వేసుకోమంది అమ్మమ్మా. మళ్లీ ఎప్పుడు తియ్యాలో చెప్పలేదు."

నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. అంతమంది పిల్లలతో వేగే టీచరమ్మ విసుగు నాకు తెలియంది కాదు. అయినా ఆ మాట పిల్లకి ఎంత గట్టిగా తగిలిందో! అసలు ఈ జిప్ ఎక్కణ్ణించి వచ్చిందా అని మర్నాడు నిఘంటువు ముందేసుకు కూర్చున్నాను.

మొదట అది వస్తువు పేరే కాదండీ, వట్టి చప్పుడు. తూటా గాలిని చీల్చుకుపోతే వినిపించే చప్పుణ్ణి 19వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు జిప్ అన్నారు. మనం రివ్వున అంటామే, అట్లాంటిదన్నమాట. ధ్వన్యనుకరణ పదాలంటారు వీటిని. మన వంటింట్లో వీటికి కరువా? ఆవాలు చిటపటమంటాయి, అట్టు చుయ్యిమంటుంది, పప్పు కుతకుతలాడుతుంది. ఇవన్నీ పసిపిల్లల మాటలని తీసిపారేసేవాళ్లున్నారు. నేను మాత్రం ఒప్పుకోను. పక్కగదిలో ఉండి పొయ్యిమీద ఏం జరుగుతోందో చెప్పగలిగేది ఈ మాటలతోనే కదా!

ఇక మన జాకెట్ల వెనకా, సంచులకూ ఉండే జిప్పు సంగతి. అమెరికాలో జడ్సన్ అనే ఆయన 1893లో బూట్లకోసం ఇలాంటిదొకటి కనిపెట్టి పేటెంటు పుచ్చుకున్నాడు. అది మాటిమాటికీ ఊడొచ్చేది. స్వీడన్‌లో పుట్టిన సండ్‌బాక్ అనే ఇంజనీరు 1913లో పళ్లు దగ్గర దగ్గరగా అమర్చి దాన్ని బాగుచేశాడు. అప్పటికీ దానికి ఈ పేరు లేదు. 1923లో గుడ్‌రిచ్ రబ్బరు కంపెనీవాళ్లు ఆ బిగింపుతో బూట్లు చేసి, వాటికి జిప్పర్ అని పేరు పెట్టారు. లాగితే సర్రున మూసుకుంటుందని. బూట్ల పేరు కాస్తా బిగింపుకి స్థిరపడిపోయింది. 1930లలో పారిస్‌లో స్కియాపరెల్లి అనే ఆవిడ ఆడవాళ్ల దుస్తులకు దాన్ని బాహాటంగా, అలంకారంగా కుట్టించింది. అన్నట్టు, రన్నర్ బిగుసుకుపోతే బలవంతంగా లాగకండి. పళ్లమీద కొవ్వొత్తి రుద్ది చూడండి.

జిప్ అంటే చురుకు, హుషారు అనికూడా అర్థముంది. అమెరికావాళ్ల వాడుకలో సున్నా అనీ ఉంది. అక్కడుండే మా అక్క కొడుకుని నెలాఖర్న ఫోనులో "చేతిలో ఏమైనా మిగిలిందిరా?" అనడిగితే "జిప్ పిన్నీ" అన్నాడు. జేబుకి జిప్పు పెట్టుకుని డబ్బు జాగ్రత్తగా దాచుకుంటున్నాడు కాబోలని మురిసిపోయాను!

వాడికి ఉత్తరం రాస్తే చిరునామా చివర జిప్ కోడ్ వెయ్యాలి. 1963లో వచ్చిందది. జోన్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్ అనే మూడు మాటల తొలి అక్షరాలే అయినా, ఉత్తరం రివ్వున పోతుందని తోచేట్టు కావాలనే కూర్చారు. మన పిన్‌కోడ్ 1972లో వచ్చింది. 1989నుంచి కంప్యూటర్లలో కాగితాల కట్టను కుదించి పంపడానికీ జిప్ అనే పేరే.

ఇదంతా మా మనవరాలికి చెప్పాను. తూటా దగ్గర కళ్లు పెద్దవి చేసింది. సున్నా దగ్గర పకపకా నవ్వింది. తర్వాత నా చేతిసంచీ జిప్పు పదిసార్లు తీసి, వేసి, చెవి దగ్గర పెట్టుకు విని, "ఇది జిప్ అనటంలేదు అమ్మమ్మా, జర్ర్ అంటోంది" అంది. ఆ మాటే మర్నాడు టీచరమ్మకీ చెప్పి వచ్చిందట. ఆవిడ తన సంచీ జిప్పు కూడా లాగి చూశారట.