సముద్రములోని ప్రవాహములు



సముద్రస్నానమునకు వచ్చినవారికి అలలు కనబడును గాని, ఆ నీటిలో మహానదులవంటి ప్రవాహములు సాగుచున్నవని తోచదు. పైనీటిని నడపునది ముఖ్యముగా గాలి. భూభ్రమణముచే ఆ నీరు ఉత్తరార్ధగోళమున కుడివైపునకు, దక్షిణార్ధగోళమున ఎడమవైపునకు మరలును. లోతునీటిని నడపునవి చలి, ఉప్పు. ఉత్తర అట్లాంటిక్ సముద్రమున, గ్రీన్‌లాండ్ పరిసరములలో, చల్లబడి బరువెక్కిన ఉప్పునీరు అడుగునకు దిగి, దక్షిణమునకు సాగి, అంటార్కిటికాను చేరి, హిందూ, పసిఫిక్ మహాసముద్రములలో వ్యాపించి, క్రమముగా పైకి వచ్చును. ఈ ప్రదక్షిణమునకు సుమారు 1000 సంవత్సరములు పట్టునని శాస్త్రజ్ఞుల అంచనా. పేర్లు వేరైనను సముద్రజలము ఒక్కటే.

మన తూర్పుతీరము వెంబడి సాగు ప్రవాహము ఏటేటా దిక్కు మార్చుకొనును. ఫిబ్రవరి, మార్చి నెలలలో ఈశాన్యమునకు, నవంబరులో నైరుతికి పోవును. కావున మాఘస్నానమునాడు మనము విడిచిన ప్లాస్టిక్ సంచి ఒడిశా వైపునకు, కార్తికమున విడిచినది తమిళతీరము వైపునకు కొట్టుకొనిపోవచ్చును. మన కంటికి మరుగైనది మరియొకరి తీరమున తేలును.

పువ్వు నీటిలో కుళ్ళి కలిసిపోవును, ప్లాస్టిక్ కలియదు. సంకల్పము చెప్పుకొని స్నానమాచరింపుడు. తెచ్చిన సంచిని మరల వెంట తీసికొనిపొండు. అదియును తీర్థసేవయే.

స్వస్తి.