ఎక్స్‌రే బాగుందన్నా నొప్పి నిజమే

నాకు నాలుగేళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతం ఉంది. నిరుడు కుడి భుజం పట్టేసి, జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు. ఎక్స్‌రే తీసి ఎముక బాగానే ఉందన్నారు. ఇంట్లో వాళ్లేమో పని తప్పించుకుంటున్నానన్నారు. సంఘంలో అప్పు తీసుకుని కీళ్ల డాక్టరు దగ్గరికి పోయాను. అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో కీలు లోపల వాపు, నీరు కనబడ్డాయి. ఎముక దెబ్బతింటే ఎక్స్‌రేలో తెలుస్తుంది గానీ, అంతకు ముందొచ్చే లోపలి వాపు సరిగా తెలియదంట. మందు మార్చారు. ఇప్పుడు నా జడ నేనే వేసుకుంటున్నాను. పొద్దున లేవగానే కీళ్లు గంటసేపు బిగుసుకుపోతుంటే నొప్పి బిళ్ల మింగి ఊరుకోకండి. మీటింగులో చెప్పండి. ఆసుపత్రికి తోడు నేనొస్తాను.