మడతల కొండలు – కాలినడకన గీసిన పటాలు

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను భూగర్భ శాస్త్రజ్ఞుణ్ణి కాను. వారు కొండల్లో తిరిగి తెచ్చిన పటాలకు నంబర్లు వేసి బీరువాల్లో భద్రపరచిన గుమాస్తాను. ఆ కాగితాల విలువ గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మనం అక్షరాలు దిద్దిన మార్కాపురం పలక గుర్తుంది కదా! నీటి అడుగున పొరలుగా పేరుకున్న బురద రాయిగా మారింది. తరువాత పక్కనుంచి వచ్చిన ఒత్తిడికి నల్లమల మడతలు పడినప్పుడు అదే పలకరాయి అయింది. అది చీలే వైపు వేరు, తొలుత బురద పేరుకున్న పొర వేరు కావచ్చు. రెండూ ఒకటే అనుకుంటే కొండ లెక్కే తప్పుతుంది.

మడతపెట్టిన పంచె అంచు చూస్తే నాలుగు పంచెలనిపిస్తుంది, విప్పితే ఒక్కటే. కొండలోనూ అంతే. ఒకే పొర మూడుసార్లు ఎదురుకావచ్చు. మడత తిరగబడినచోట పాత రాయి పైన, కొత్త రాయి కింద ఉంటుంది. రాతిమీద నిలిచిన పురాతన అలల గుర్తులు చూసి ఏది పైవైపో తేలుస్తారు. అందుకే సుత్తి, దిక్సూచి పట్టుకుని అడుగడుగునా పొర సాగే దిక్కు, వాలు కొలిచి పటంలో గుర్తించాలి. 1:50,000 పటంలో సెంటీమీటరుకు అర కిలోమీటరు. 1:5,000 పటంలో 50 మీటర్లే. చిన్న మడతలు, పగుళ్లు చూపడానికి చోటు రెండో దానిలోనే ఉంటుంది.

ఉపగ్రహ చిత్రం దారి చూపుతుంది. రాయి దగ్గరకు వెళ్లి తేల్చవలసింది మాత్రం మనిషే. జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ కడప, కర్నూలు రాళ్లపై రాసిన గ్రంథం 1872లో వెలువడింది. రాళ్ల వర్గాలకు ఆయన పెట్టిన పాపఘ్ని, నల్లమల అనే పేర్లు నేటికీ వాడుకలో ఉన్నాయి.

ఇదంతా పండితుల ముచ్చట అనుకోవద్దు. కరువు సీమకు కృష్ణ నీరు తేవడానికి వెలిగొండ ప్రాజెక్టులో నల్లమల కింద 18.8 కిలోమీటర్ల జంట సొరంగాలు తవ్వారు. నల్లమలలోనే శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న కప్పు కూలి 8 మంది చిక్కుకుపోయారు. ఒక్కరూ ప్రాణాలతో బయటపడలేదు. పైన పులుల అడవి; కోరినచోటల్లా బోరు వేసి చూసే వీలుండదు. అటువంటప్పుడు పగులు ఎక్కడ ఎదురుకావచ్చో ముందుగా హెచ్చరించే ఆధారాల్లో మొదటిది కొండెక్కి గీసిన పటమే.

కనుక నా విన్నపం రెండే. మీ ఇళ్లలో పాత ఫీల్డు పుస్తకాలు, పటాలు ఉంటే చిత్తుకాగితాలవారికి వేయకండి. సంబంధిత శాఖకు అప్పగించండి. ఈ చదువు చదివే మనవలు, మనవరాళ్లు ఎండలో కొండలెక్కుతామంటే వద్దనకండి. వారి నడక మీద రేపు సొరంగంలో దిగే కూలీ ప్రాణం ఆధారపడి ఉంటుంది.