వేడికి ఆగిన బండి



మా తమ్ముని అంబాసిడరు బండి పెట్రోలుతో నడుచునది. అట్టి బండ్ల తయారీ 2014లో నిలిచిపోయినను మా ప్రాంతమున కొన్ని యింకను తిరుగుచున్నవి. ఈ బండి ప్రొద్దుటి చలువలో చక్కగా కదలును. పది మైళ్లు పోయి ఎండ ముదిరినంతనే తడబడి ఆగును. అరగంట నీడ నుంచిన యెడల ఏమియు నెరుగని దానివలె మరల నడుచును. ఒక మెకానిక్కు మొదట కార్బురేటరు కడిగెను. పిమ్మట పెట్రోలు పంపు మార్చెను. ఆపైన ప్లగ్గులు మార్చెను. మూడు మారులును సొమ్ము పుచ్చుకొని, ఇక భయము లేదనెను. ఆతని యొద్దకు చేరునప్పటికి బండి చల్లారి యుండుటచే రోగము కానరాలేదు. కానరాని రోగమునకు మందిచ్చుట మాత్రము తప్పే.

నాలుగవ మారు, వైశాఖమాసమున, మా యక్కగారిని ఆయాసముతో ఎమ్మిగనూరు నుండి ఆదోని ఆసుపత్రికి తీసికొనిపోవుచుండగా, రేగడిచేల నడుమ చెట్టయినను లేని చోట బండి ఆగినది. వెనుక వచ్చిన బస్సులో ఆమెను తమ్ముని తోడుగా పంపితిని. ఆమె కోలుకొన్నది, కాని బస్సెక్కుచు నా వైపు చూచిన చూపును నేను మరవలేదు.

బండికి కావలియుండగా, లారీ నడిపి తల నెరసిన యొక వృద్ధుడు ఆగెను. తడిపిన తువాలును మొదట పెట్రోలు పంపుపై కప్పెను. కొంతసేపటికి తాళము త్రిప్పగా ఫలము లేదు. పిమ్మట తాళము తీసివేసి, కాయిలు అనెడి నల్లని డబ్బాను ముట్టి చేయి వెనుకకు తీసికొని, పైనున్న తీగల మొనలకు తడి తగులకుండ దాని నడుమునకు గుడ్డ చుట్టెను. కొలదిసేపటికి బండి కదలినది. “అయ్యవారూ, ఇది ఆకలి గాదు, జరం” అని నవ్వెను.

ఏది యున్నప్పుడు కార్యము కలుగునో, ఏది లేనప్పుడు కలుగదో అదియే కారణమని యేండ్లకొలది పిల్లలకు అన్వయవ్యతిరేకములు బోధించినవాడను నేను. ఆయన వానిని తువాలుతో చేసి చూపెను.

కాయిలనగా రెండు తీగల చుట్ట. ఇనుప కడ్డీపై లావుతీగ కొన్ని వందల చుట్లును, వెండ్రుకవంటి సన్నతీగ వేలకొలది చుట్లును ఉండును. బ్యాటరీలోని 12 వోల్టుల విద్యుత్తు లావుతీగలో పారుచు తటాలున తెగునప్పుడు, సన్నతీగలో వేల వోల్టులు పుట్టి ప్లగ్గు కొనయందు నిప్పురవ్వ యగును. ఫారడే పండితుడు 1831లో కనుగొనిన ధర్మమిదియే. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘమును స్థాపించిన ఎమ్మిగనూరులో కండె చుట్టుట చూడనివారుండరు. కండె లోపల తెగిన పోగు పైకి కానరానట్లే, కాయిలులో చిట్లిన తీగయు కానరాదు. చల్లగా నున్నప్పుడు కొనలు తాకియుండును. వేడికి సాగి విడిపోవును. లేదా తీగపై పూత కరగి, చుట్లు ఒకదానితో నొకటి కలిసిపోవును.

కావున పరీక్ష బండి ఆగిన చోటనే, వేడి తగ్గకమునుపే జరుగవలెను. కాయిలు నుండి వచ్చు లావుతీగ కొనను, రబ్బరు పిడిగల పటకారుతో, ఇంజను ఇనుమునకు పావు అంగుళము దూరమున పట్టి ఇంజను త్రిప్పింపవలెను. టపటపమని నీలిరవ్వ దూకిన కాయిలు మంచిది. పెట్రోలు వాసన యున్నచోట ఈ పని కూడదు. వట్టిచేతితో అసలే కూడదు. రవ్వ లేనంత మాత్రమున కాయిలునే దోషి యనరాదు. పాయింట్లు మాడినను, కండెన్సరు చెడినను అంతే యగును. మంచిదని తెలిసిన వేరొక కాయిలును తగిలించి చూచినచో సందేహము తీరును.

చెడిన కాయిలు విప్పి బాగుచేయునది కాదు, మార్చవలసినదే. కొనునప్పుడు పాతదానిని వెంట తీసికొనిపోవుడు. విడిగా నిరోధకపు తీగ కావలసిన రకమును అది లేని బండికి తగిలించిన, కొత్తదియు మాడును. ఇంజను ఆగియుండగా తాళము త్రిప్పి యుంచుటయు కాయిలునకు చేటు. డీజిలు బండ్లకు ఈ బాధ లేదు, వానికి రవ్వయే యక్కరలేదు. నేటి పెట్రోలు కార్లలో పెక్కింటికి ప్లగ్గున కొక కాయిలు చొప్పున నుండును.

కొత్త కాయిలు వేయించిన పిమ్మట, ప్రొద్దుట గాక నడిమధ్యాహ్నమున ఆదోని నుండి ఎమ్మిగనూరునకు పోయి మరలి వచ్చితిమి. బండి ఆగలేదు. అక్కగారిని రమ్మంటిమి గాని, ఆమె బస్సే మేలన్నది.