నేల విడిచిన సాము

ముంబయి రహదారి నానుకొని ఉన్న మదీనాగూడ నేడు అంతస్తుమీద అంతస్తుగా లేచిన భవనాలకు నెలవు. ఇట్టి భవనాలకు రంగు వేయవలెనన్నా, అద్దాలు బిగించవలెనన్నా వెనుకటి రోజులలో కర్రలతో పరంజా కట్టేవారు. ఇప్పుడు పెక్కుచోట్ల ఆ పనికి లిఫ్టు యంత్రాలు వస్తున్నవి. పొడవైన ఇనుప చేయి చివర బుట్ట గలది బూమ్ లిఫ్టు. కత్తెరవలె విచ్చుకొని వేదికను పైకెత్తేది సిజర్ లిఫ్టు. బుట్టలో నిలిచిన పనివాని ప్రాణం పైన ఉన్నట్లు తోస్తుంది. నిజానికి అది చక్రాల క్రింది నేలలో ఉన్నది.

చిన్న లెక్క చూడండి. యంత్రపు పీట ఒక్క డిగ్రీ ఒరిగితే, 15 మీటర్ల ఎత్తున ఉన్న బుట్ట సుమారు 26 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. మూడు డిగ్రీలు ఒరిగితే 78 సెంటీమీటర్లు. క్రింద కంటికి ఆనని వంపు పైన ప్రమాదమవుతుంది. బరువు చక్రాల నడిమి హద్దు దాటిందా, యంత్రం బోల్తా పడక తప్పదు.

మన హైదరాబాదు నేల గ్రానైటు రాతి నేల. ఒకచోట బండ, పక్కనే మొరం, ఆ పక్కన పూడ్చిన గుంట. ఒక చక్రం బండమీద, మరొక చక్రం నింపుడు మట్టిమీద నిలిస్తే, వేసవిలో రెండూ ఒకే తీరున గట్టిగా కనిపిస్తవి. రెండు వానలు కురిసిన తరువాత మట్టి క్రుంగుతుంది, బండ క్రుంగదు. ఇంకొక మోసం ఉన్నది. చదునైన వాకిలి క్రింద నీటి సంపు ఉండవచ్చు, మురుగు తొట్టి ఉండవచ్చు, నిన్న మొన్న పూడ్చిన కేబుల్ కాలువ ఉండవచ్చు. ఆరేడు టన్నుల యంత్రాన్ని మోయడానికి సంపు మూతను ఎవరూ కట్టలేదు.

ఆ సంపు ఎక్కడున్నదో యంత్రం నడిపేవానికి తెలియదు, ఇంటివారికి తెలుసు. కనుక పని మొదలుకాక పూర్వమే అతనితో కలిసి ఆవరణ అంతా ఒకమారు నడిచి, పూడ్చిన చోట్లను, విద్యుత్తు తీగలను చూపించండి. అద్దె లెక్క గంటలలో నడుస్తుంది గనుక తొందరపెట్టేవారు ఉంటారు. ఈ నడకకు పావుగంట చాలు.

తక్కిన జాగ్రత్తలు నడిపేవానివి. ఎగుడుదిగుడు నేలకని తయారైన యంత్రాన్నే తేవలెను. ఊతకాళ్ళున్న యంత్రమైతే వాటి క్రింద వెడల్పైన పలకలు వేయవలెను. 30 సెంటీమీటర్ల చదరపు పలకకు బదులు 60 సెంటీమీటర్లది వేస్తే నేలమీది ఒత్తిడి నాలుగవ వంతుకు తగ్గుతుంది. గతుకుల నేలమీద బుట్టను దించిన తరువాతనే యంత్రాన్ని కదపవలెను. ఒరుగుదలను తెలిపే గంట మ్రోగితే దాని నోరు మూయించరాదు. బుట్టను మెల్లగా దించి, నేల సంగతి చూడవలెను. ఆరుబయట పనికి తగిన యంత్రాలు కూడా సాధారణంగా సెకనుకు 12.5 మీటర్ల గాలివరకే తాళుతవి.

బూమ్ లిఫ్టు బుట్టలోని మనిషి ఒంటికంతటికీ తొడిగే సేఫ్టీ బెల్టు ధరించి, దాని త్రాటిని బుట్టకే తగిలించుకోవలెను. కుదుపుకు మనిషి ఎగిరి పడకుండా అది ఆపుతుంది. యంత్రమే ఒరిగితే అది కాపాడలేదు. బుట్ట పైన ఆగిపోతే క్రిందినుంచి దించే మార్గం తెలిసిన మనిషి పని ముగిసేవరకు నేలమీద ఉండి తీరవలెను.

నేల విడిచి సాము చేయరాదని పెద్దలు చెప్పినారు. ఈ పనిలో నేల విడవక తప్పదు. విడిచేముందు ఆ నేలను పరీక్షించడం మాత్రం మన చేతిలోనే ఉన్నది.