ఆరాధనలో గిటారు: బాగుచేయువాని మాట
(గాయక బృందముల కూడికలో చేసిన ప్రసంగము)



ప్రసంగించుట దైవజనుల పని. గిటార్లు బాగుచేయుట నా పని. అయినను మన డయాసిస్ శతాబ్ది ఉత్సవముల వేళ గాయక బృందములతో నాలుగు మాటలు చెప్పమని పెద్దలు కోరినందున నిలువబడితిని.

ఎలక్ట్రిక్ గిటారు మందిరమునకు తగదని తలంచువారు కొందరు కలరు. అమెరికాలో రోసెటా థార్ప్ అను నల్లజాతి సోదరి 1940ల నాటికే ఆ వాద్యముతో సువార్త గీతములు పాడి ప్రసిద్ధి చెందెను. ఇక ఈ గిటార్ల తయారీలో పేరుపొందిన లియో ఫెండర్ మొదట రేడియోలు బాగుచేయు దుకాణము నడిపినవాడు. ఆయనకు గిటారు వాయించుట రాదు. వాయించువారికి వెనుక బాగుచేయువారు కూడ ఉండవలెనని దీనివలన తెలియుచున్నది.

మన విశాఖపట్నములో సముద్రపు ఉప్పుగాలికి తీగలు త్వరగా తుప్పుపట్టును. తేమ హెచ్చుతగ్గులకు కొయ్య మెడ వంగును. ఆరాధన ముగిసిన వెంటనే తీగలను పొడిబట్టతో తుడిచినచో అవి ఎక్కువ కాలము నిలుచును.

నాయొద్దకు వచ్చిన గిటారుకు మొదట క్రొత్త తీగలు వేసి, శ్రుతి చేసి, మెడలోని ఇనుప కడ్డీని త్రిప్పి వంపు సరిచేయుదును. పిమ్మట తీగల ఎత్తు చూతును. చివరకు 12వ మెట్టు పరీక్ష. అది తీగ పొడవులో సగముండు చోటు. అక్కడ తీగను తేలికగా తాకి మీటిన స్వరమును, నొక్కి మీటిన స్వరమును ఒకటే కావలెను. నొక్కిన స్వరము హెచ్చినచో, బ్రిడ్జిమీద ఆ తీగ ఆనియున్న ముక్కను వెనుకకు జరిపి పొడవు పెంచవలెను. తగ్గినచో ముందుకు జరుపవలెను. ఈ పని జరుగని గిటారు నొక్కని తీగలకు శ్రుతిలోనే యుండి, పై మెట్లకు పోవుకొలది తప్పును. అప్పుడు వాయించు బాలునికి చెవి లేదని మనము గద్దింతుము. పాపము, దోషము వానిది కాదు.

ఇక ముఖ్యమైన సంగతి. గిటారులోని పికప్ అనగా అయస్కాంతముచుట్టు సన్నని రాగి తీగను వేలకొలది చుట్లు చుట్టినది. ఉక్కు తీగ కదలికను విద్యుత్తుగా మార్చుట దాని పని. అయితే ట్యూబులైట్లు, ట్రాన్స్‌ఫార్మర్లనుండి వచ్చు 50 సైకిళ్ళ రొదను కూడ అది పట్టుకొనును. ఆ రొద పోవుటకు ఆంప్లిఫయరు ప్లగ్గులోని మూడవ కాలు విరుచువారును, ఎర్తు వైరు తెంచువారును కలరు. అటుల చేయమని నన్ను అడిగినవారును కలరు. ఎంత డబ్బిచ్చినను ఆ పని నేను చేయను.

ఎందుకనగా, గిటారు తీగలు బ్రిడ్జి ద్వారా ఆంప్లిఫయరు పెట్టెతో కలిసియుండును. ఎర్తు లేనప్పుడు పెట్టెలో ఏదైన లోపము పుట్టినయెడల 230 వోల్టులు వాయించువాని చేతిలోనికి వచ్చును. అతని పెదవులు మైకుకు తగిలినచో కరెంటు రొమ్ముగుండ పోవును. 1972లో బ్రిటనులోని స్వాన్సీ పట్టణమున లెస్ హార్వీ అను గిటారు వాద్యకారుడు ఎర్తు సరిగా లేని మైకును తాకి, వేదికమీదనే విద్యుద్ఘాతమునకు గురై మరణించెను. మన పందిళ్ళలోను, తడి నేలమీదను, వట్టి కాళ్ళతో నిలిచి పాడు పిల్లలను తలంచుకొనుడి.

రొదకు వేరు మందులు కలవు. గిటారు గుంటలోపల రాగి రేకు అంటించి దానిని ఎర్తుతో కలుపవచ్చును. మంచి కేబులు వాడవచ్చును. మైకు సెట్టును, ఆంప్లిఫయరును ఒకే బోర్డునుండి నడుపవచ్చును. రెండు చుట్లు ఎదురెదురుగా కలిపిన పికప్ వేయవచ్చును. ఖర్చు కొంత అగును గాని ప్రాణమునకు భయముండదు.

ప్రియులారా, రేవులోను, ఉక్కు కర్మాగారములోను, నౌకాదళ డాక్‌యార్డులోను పనిచేసి ఎర్తు విలువ ఎరిగినవారు మన సంఘములలో అనేకులు కలరు. ఈ శతాబ్ది సంవత్సరములో ప్రతి సంఘమును అట్టివారిలో ఒకరిని పిలిచి, మందిరములోని ప్లగ్గులన్నియు పరీక్షింపజేసి, 30 మిల్లీ ఆంపియర్లకే కరెంటు ఆపు రక్షణ స్విచ్చి పెట్టింపవలెనని నా మనవి. నేర్పుతో వాయింపుడని 33వ కీర్తన మనకు బోధించుచున్నది. వాయించు బిడ్డ క్షేమమును చూచుట కూడ ఆ నేర్పులో భాగమే.

ప్రభువు మన పాటలను, పాడువారిని కాపాడును గాక. ఆమేన్.